మెష్ ఒప్పుకోని మడత

2023 ఏప్రిల్. తిరుపతిలో మేం కృత్రిమ కాళ్లు చేసే వర్క్‌షాపు అప్పట్లో ఒక పాత కల్యాణ మండపం వెనక రేకుల షెడ్డులో ఉండేది. ఎండాకాలంలో తొమ్మిదింటికే రేకులు కాలేవి. ప్లాస్టర్ కలిపే తొట్టి, ప్లాస్టిక్ షీట్ వేడిచేసే ఓవెన్, పేషెంట్లు పట్టుకుని నడక నేర్చుకునే రెండు ఇనుప కడ్డీలు, ఒక బీరువా. బీరువా తాళం నా కొంగు చివర ఉండేది. దేవకమ్మ సంగతి చెప్పాలంటే ఆ తాళం సంగతి ముందు చెప్పాలి.

నేను ఆ షెడ్డులోకి వచ్చింది ప్లాస్టర్ తొట్లు కడగడానికి. ఐదో తరగతితో నా చదువు ఆగింది. కళ్లతో చూసి చేతులతో నేర్చుకున్నాను. పదేళ్లు తిరిగేసరికి కొలతలు తీసే పని నాకే అప్పజెప్పారు. ఇంగ్లీషులో రాసిన కాగితం చదవలేను కానీ, మనిషి గడప దాటి లోపలికి వచ్చే తీరు చూసి కాలు ఎక్కడ ఒత్తుతున్నదో చెప్పగలను. ఆ గర్వం కూడా ఈ కథలో ఒక భాగమే.

కాలు తీసేశాక మిగిలిన ముక్కను స్టంప్ అంటారు. మా వైపు మోడు అంటాం. మోడు దూరి కూర్చునే గిన్నెలాంటి భాగం సాకెట్. పాదం ఎంత అందంగా చేసినా సాకెట్ కుదరకపోతే అది కాలు కాదు, మోసుకుతిరిగే బరువు. పాత పద్ధతిలో మోడుకు ముందు స్టాకినెట్ తొడుగుతాం. అది మేజోడు లాంటి సాగే గొట్టపు గుడ్డ. దాని మీద, ఎముక పొడుచుకొచ్చే చోటల్లా, తడిస్తే ఊదారంగు దిగే పెన్సిల్‌తో సున్నా చుడతాం. పైన తడి ప్లాస్టర్ కట్టు. అది గట్టిపడ్డాక ఊడదీస్తే లోపల ఊదా సున్నాలు అచ్చుపడి ఉంటాయి. అందులో ప్లాస్టర్ పోస్తే మోడు అచ్చు వస్తుంది. దాన్ని ఆకురాయితో రాసి సరిచేసి, సున్నా ఉన్న చోట రవంత ప్లాస్టర్ మెత్తుతాం, సాకెట్ ఆ ఎముకను ఒత్తకుండా.

స్టాకినెట్ మనిషికి ఒకటి చొప్పున వాడాలి. నేను అట్లా వాడలేదు. ఉతికి ఆరేసి మళ్లీ తొడిగేదాన్ని. సాగిపోయి వదులైతే పక్కన మడత పెట్టి నాలుగు పెద్ద కుట్లు వేసేదాన్ని. మా ఇంట్లో చీర పాతబడితే దిండు గలీబు అవుతుంది, గలీబు మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ పీలికలైతే కుండ కింద చుట్టకుదురు అవుతుంది. అట్లా పెరిగినదాన్ని ఒక్కసారి వాడిన గుడ్డను పారేయమంటే నా చెయ్యి రాదు. మడత వల్ల అచ్చు మీద ఒక గీత లేచేది. ఆకురాయితో రెండుసార్లు రాస్తే పోయేది. ముప్పై ఏళ్లు అట్లాగే జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

దేవకమ్మ రావడానికి ముందు సంవత్సరమే మాకు స్కానర్ వచ్చింది. ఇస్త్రీపెట్టెంత ఉంటుంది. దాన్ని మోడు చుట్టూ తిప్పితే కంప్యూటర్‌లో మోడు బొమ్మ లేస్తుంది. స్కానర్‌తో పాటు ప్రశాంతి వచ్చింది. పాకాల పిల్ల. ఏర్పేడు దగ్గర కాలేజీలో పరిశోధన చేస్తూ ప్రతి మంగళవారం ల్యాప్‌టాప్ సంచి వీపున వేసుకుని మా షెడ్డుకు వచ్చేది. నన్ను మొదటి రోజు నుంచీ అవ్వా అనే పిలిచింది. ఆ పిల్ల చేతి పెట్టెలో రెండు డజన్ల కొత్త స్టాకినెట్లు ఉన్నాయి.

"అవ్వా, ప్రతి మనిషికీ కొత్తది తొడగల్ల. బిగుతుగా ఉండల్ల. స్కానర్‌కు ముడత పడకూడదు," అంది.

"అట్లనేలే," అన్నాను. పెట్టె తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాను. మంచి వస్తువు, ముందుముందు పనికొస్తుందని.

స్కాన్ చేసిన బొమ్మను ప్రశాంతి తన కాలేజీ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసేది, అంటే ఒక చోట తీసిన ఆకారాన్ని ఇంకో చోటికి దించుకోవడం. ఆ తర్వాత మెష్ కట్టాలి. మెష్ అంటే ఏమిటని నేనే అడిగాను. బొమ్మ ఒంటినంతా చిన్నచిన్న ముక్కోణాలతో అతుకుతారు. సాకెట్ మందాన్ని కూడా అట్లాంటి బుల్లి గడులతోనే నింపుతారు. అప్పుడే మనిషి బరువు ఎక్కడ పడుతుందో, ఎక్కడ విరుగుతుందో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆ లెక్క కుదిరితేనే సాకెట్ త్రీడీ ప్రింట్‌కు, అంటే ప్లాస్టిక్‌ను పొరలుపొరలుగా పోసి తయారుచేయడానికి, పోతుంది.

"ముక్కోణాల మధ్య సందు ఉండకూడదు, ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. నీళ్లు పోస్తే కారకుండా ఉండల్ల, బుట్ట మాదిరి కాదు, బిందె మాదిరి," అని చెప్పింది. నాకు అర్థమైంది. అంత బాగా చెప్పే పిల్ల దగ్గర నేను మాట దాచాను.

దేవకమ్మది పూతలపట్టు పక్క పల్లె. నలభై దాటిన మనిషి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర నిలబడి కాయలు ఏరే పని. నీళ్లలో నానిన కాలి వేలికి దెబ్బ తగిలింది, షుగరు ఉంది, పుండు పాదమంతా ఎక్కింది. మోకాలి కింద తీసేశారు. మా దగ్గరికి వచ్చేసరికి గాయం మానింది.

"యాపొద్దు కాలు ఇస్తే ఆపొద్దే నడుస్తానక్కా," అంది బల్ల మీద కూర్చుని. "జూన్‌లో బెల్టు తిరగతాది. అందాకా నా చోటు పెడతానన్నాడు మేస్త్రీ. ఆ మీద ఇంకొకామెను పెట్టుకుంటాడు."

"నిలబడే పని గదమ్మా. కూర్చోని చేసేది ఏమీ ల్యాదా ఆడ?"

"కూర్చోని చేసేది మేస్త్రీ పని. అదిస్తానంటే రెండో కాలు గూడా కోయించుకుంటాను."

నేను నవ్వలేదు. ఆమె నవ్వింది. డాక్టర్లు మోకాలు మిగిల్చారు, అది ఆమె అదృష్టం. మోకాలు ఉన్న మనిషి లేస్తుంది, కూర్చుంటుంది, మెట్టెక్కుతుంది, ఎనిమిది గంటలు నిలబడుతుంది. మోకాలు పోయిందంటే ఆ పనంతా నడుం చేయాలి. బెల్టు దగ్గర అది కుదరదు. ఆ మాట ఆమెకు చెప్పాను. "అందుకే గదక్కా నీ దగ్గరికొచ్చింది," అంది.

స్కాన్ రోజు నేను తొడిగింది పాత స్టాకినెట్. అప్పటిదాకా స్కాన్‌కు వచ్చినవాళ్లకు పాత గుడ్డలే బిగుతుగా పట్టాయి. ఆమె మోడు సన్నం, గుడ్డ వదులైంది. మడత పెట్టి కుట్టేశాను. మోకాలి కింద బయటివైపు గోలీకాయంత ఎముక ఉబ్బు ఒకటి ఉంటుంది. అది ఎప్పుడూ ఒత్తిడి ఓర్వదు. దాని మీద పెన్సిల్‌తో సున్నా చుట్టాను. మడత సరిగ్గా ఆ సున్నా మీద నుంచే దిగింది. పక్కకు జరిపి కుట్టి ఉండవచ్చు. ఆకురాయి ఉంది గదా అనుకున్నాను.

ప్రశాంతి స్కానర్ సర్దుకుంటూ అడిగింది, "కొత్తదేనా అవ్వా?"

"శుభ్రంగా ఉండాదిలే, నువ్వు కానియ్యి," అన్నాను.

మరుసటి మంగళవారం ఆ పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా లేవలేదు. మొదట దించినప్పుడు దేవకమ్మ మోడు వేలెడంత వచ్చింది. కొలత సెంటీమీటర్లలో పోతే సాఫ్ట్‌వేర్ మిల్లీమీటర్లుగా తీసుకుందట. అది సరిచేసింది. మెష్ కట్టమంది. ఆగింది. ఎర్ర అక్షరాలు. ఒకచోట అంచులు కలవలేదట, సందు ఉంది. సందు మూసింది. మళ్లీ ఆగింది. ఈసారి ఒకే ఆకారం తనలోంచి తనే దూరి పోతోందట. దగ్గరదగ్గర అంచుల్ని కలిపేయమని దూరం పెంచి చూసింది. మడతలోని రెండు పొరలూ అతుక్కుని ఇంకా చిక్కుపడింది. వెంట్రుకంత సన్నటి ముక్కోణాలు వందలు పుట్టాయి. మళ్లీ ఆగింది.

"మిగతా అంతా బాగుండాది. ఈ ఒక్కచోటే మొరాయిస్తోంది. సూడవ్వా," అని బొమ్మను తిప్పి పెద్దది చేసింది.

మోకాలి కింద బయటివైపు ఒక ఎర్ర గీత. దాని పొడవునా నాలుగు చిన్న గుంటలు. చూడగానే గుర్తుపట్టాను. నా చేతి కుట్లు. నేను ఎక్కడ దారం లాగి ముడేశానో అది కూడా కనబడింది.

"ఈడ కాలిమీద ఏమన్నా ఉండాదా? పుండు మచ్చ గానీ, కుట్ల మచ్చ గానీ?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. అది మడత, కొత్త గుడ్డ వేసి ఇంకోసారి తీద్దాం అని. కానీ అట్లా చెబితే బీరువా తియ్యాలి. పెట్టె ముద్ర కూడా చెదరకుండా ఉన్నది బయటపడుతుంది. మా అవ్వ చేతి పని చూసి నేర్చుకోండి అని తన స్నేహితురాళ్లను ఆ పిల్ల ఒకసారి వెంటబెట్టుకొచ్చి నాకు చూపించింది. వాళ్ల ముందు తలెత్తుకు నిలబడినదాన్ని ఇప్పుడు ఎట్లా చెప్పేది.

"ఆపరేషన్ కుట్ల గీత అయ్యుంటాది," అన్నాను.

ఆ పిల్ల నమ్మింది. నా మాటను ఎందుకు నమ్మదు? "అట్లయితే దాన్ని తీసేసి సాపు చేస్తాను," అని ఆ ఎర్ర గీత ఉన్న చోటంతా కత్తిరించింది. చిల్లు పడింది. చిల్లు పూడ్చమంది. పూడింది. మెష్ కట్టమంది. ఈసారి ఆగలేదు. తెర మీద వల గళ్లు వరసగా పరుచుకుంటూ పోయాయి. బరువు లెక్క కూడా కుదిరింది.

"ఒప్పుకునిందవ్వా," అని నీళ్లు తాగింది.

నా గుండె కూడా తేలికపడింది. ఇక్కడ నేను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. నువ్వు కత్తిరించి పూడ్చిన చోట ఎముక ఉబ్బు ఉండాలి గదా, అది ఉందా అని. గుడ్డ మీద నేను చుట్టిన సున్నా నీకు కనిపించిందా అని. స్కాన్ ఫైల్‌లో ఆకారం ఒక్కటే వస్తుంది, రంగు రాదని తర్వాత తెలిసింది. ఆ రోజు నా ధ్యాసంతా మడత పోయిందన్న దాని మీదే ఉంది.

మే నెల నడిమికి సాకెట్ తయారైంది. దేవకమ్మ కడ్డీల మధ్య నడిచింది. బాగా నడిచింది. పావుగంట నడిచాక కాలు తీయించి చర్మం చూడడం మా పద్ధతి. ఎర్రమచ్చలు పడతాయి. పది నిమిషాల్లో మాయమైతే పర్వాలేదు. బయటివైపు రూపాయి బిళ్లంత మచ్చ అరగంటకు గానీ పోలేదు.

"ఈడ నొప్పిగా ఉండాదా?"

"ల్యాదక్కా. అసలు ఆడ నాకేం తెల్దు."

షుగరు మనిషికి తెలియకపోవడమే భయపడవలసిన విషయం. "రేపు మళ్లీ రా, ఇంకోసారి సూద్దాం," అన్నాను.

"రేపు మేస్త్రీకి నిలబడి సూపించల్లక్కా. వారానికి వస్తాను. బిన్నే కట్టియ్యి, బస్సు పోతాది."

లోపల మెత్తటి పట్టీ ఒకటి అతికించి ఇచ్చాను. రోజూ కాలు తీసి అద్దంలో చూసుకోమని, ఎర్రగా ఉంటే తొడుక్కోవద్దని మూడుసార్లు చెప్పాను. తలూపింది. చేతిలో కర్ర లేకుండా గేటు దాటింది.

వారానికి రాలేదు. ఫోన్ చేస్తే, "బెల్టు తిరగతా ఉండాదక్కా, లోడ్లు జాస్తి, ఒక దినం గూడా మానేదానికి ల్యాదు," అంది. సంతోషంగా ఉంది గొంతు. నేను గట్టిగా అనలేదు. జూన్ ఆఖరులో ఆటోలో వచ్చింది. కృత్రిమ కాలు యూరియా సంచిలో పెట్టి ఒళ్లో పట్టుకుంది. మోడుకు చుట్టిన గుడ్డ విప్పక ముందే వాసన తెలిసింది. బయటివైపు, ఆ గోలీకాయ ఉన్న చోట, గుంట పడి లోపల తెల్లగా ఎముక కనిపించింది.

"నొప్పి ల్యాదక్కా," అంది మళ్లీ.

పెద్దాసుపత్రికి నేనే వెంట వెళ్లాను. అప్పటికే చీము ఎముకలోకి దిగింది. మోకాలి పైన తీసేశారు.

ఆమె వదిలిపోయిన సాకెట్ షెడ్డులోనే ఉండిపోయింది. ఒక రోజు తలుపు వేసుకుని, నేను అతికించిన పట్టీ పీకేసి దాంట్లో ప్లాస్టర్ పోశాను. కంప్యూటర్ భాష నాకు రాదు, ప్లాస్టర్ భాష వచ్చు. గట్టిపడ్డాక బయటికి తీసి అరచేత్తో తడిమాను. మోకాలి కింద బయటివైపు ఉబ్బు ఉండవలసిన చోట తమలపాకంత మేర చదునుగా ఉంది. చిల్లు పూడ్చమంటే కంప్యూటర్ ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా పూడ్చింది. మధ్యలో ఎముక ఉందని దానికి ఎవరు చెప్పారు? ఆమె నిలబడిన ప్రతి గంటా ఆ చదును ఆ ఎముకను నూరింది.

మంగళవారం ప్రశాంతి వచ్చాక ఆ అచ్చు తన ముందు పెట్టాను. వేలు పెట్టి చూపించాను.

"ఆడ ఆపరేషన్ మచ్చ ఉందన్నావు గదవ్వా?"

"ల్యాదు. అది నా మడత. పాత గుడ్డ వేసినాను. నువ్వు అడిగినపొద్దు అబద్ధం చెప్పినాను."

అచ్చు మీదికి వంగి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఆ పొద్దే చెప్పింటే ఇంకోసారి స్కాన్ చేసేటోళ్లం. పది నిమిషాల పని," అంది. "మెష్ అన్నిసార్లు ఆగింది. ఆమెకే ఫోన్ చేసి నీ కాలిమీద మచ్చ ఉండాదా అని నేనూ అడగల్ల. అడగలా," అంది. లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. చేతులకు ఏమీ అంటలేదు.

అక్టోబర్‌లో దేవకమ్మ మోకాలి పైనుంచి పెట్టే కాలు కొలతకు వచ్చింది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కొలత తీసే ముందు నేను ఆమెకు జరిగింది చెప్పాను. గుడ్డ, మడత, కుట్లు, అబద్ధం, అన్నీ. ఆమె నా ముఖం చూడలేదు. నా కొంగు చివర తాళాన్ని చూసింది.

"ఎన్ని మిగిలిండాయక్కా ఆ కొత్తవి?"

"అన్నీ ఉండాయి. రెండు డజన్లు."

"తే, సూస్తాను."

బీరువా తీశాను. పెట్టె ముద్ర విప్పి ఒకటి తీసి ఇచ్చాను. రెండు ఎండాకాలాలు రేకుల కింద ఇనుప బీరువాలో ఉడికిన గుడ్డ. ఆమె రెండు చేతులతో సాగదీసింది. లోపలి రబ్బరు పోగులు పిటపిటమని తెగాయి. సాగినది సాగినట్టే ఉండిపోయింది. ఇంకోటి తీశాను. అదీ అంతే. మూడోది నేను తీయలేదు.

దేవకమ్మ ఆ గుడ్డను నీటుగా నాలుగు మడతలు పెట్టింది. పెట్టి నా చేతిలో ఉంచింది.

"బీరువాలోనే పెట్టుకో అక్కా," అంది.

ఆ రోజు ఒట్టి చర్మం మీదే స్కాన్ చేశాం. మెష్ మొదటిసారికే కుదిరింది. కాలు కూడా బాగానే వచ్చింది. ఆమె దాన్ని రెండు నెలలు వాడి వదిలేసింది. బెల్టు దగ్గర ఆమె చోటులోకి ఇంకొకామె వచ్చిందని తెలిసింది. ఆ కాలు ఇంట్లో దండెం పక్కన మేకుకు వేలాడుతూ ఉందట. ఆమె పక్క ఊరి పేషెంట్ ఒకాయన చూసి వచ్చి చెప్పాడు. ఫోన్ చేస్తే ఆమె ఎత్తుతుంది, బాగున్నావా అక్కా అంటుంది, ఇంకేమీ అనదు.

ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఎర్రర్ వస్తే ముందు ఏం చేయాలని. నాకు సాఫ్ట్‌వేర్ తెలియదు. తెలిసింది ఒకటే. అది ఆగిన చోటికి మనిషిని పిలిపించి ఆ చోట చెయ్యి పెట్టి చూడాలి. ఆకురాయితో రాస్తే పోయే తప్పులకు అలవాటుపడిన చేతులు నావి. ఆ యంత్రం మాత్రం తప్పును దాచిపెట్టలేదు. ఇక్కడ ఏదో సరిగా లేదని ఆ మధ్యాహ్నమంతా చెబుతూనే ఉంది. దాని నోరు మూయించింది నేను.

బీరువాకు ఇప్పుడు తాళం లేదు. మెష్ ఎక్కడైనా ఆగితే ప్రశాంతి ఇప్పటికీ తెరను నా వైపు తిప్పి అదే మాట అడుగుతుంది, "ఈడ కాలిమీద ఏముండాది అవ్వా?" అని. నేను నిజమే చెబుతున్నాను. ఆ నిజం ఇప్పుడు ఎవరెవరి కాళ్లకో పనికొస్తోంది. దేవకమ్మ మోకాలికి రాలేదు.